బాల్టిక్ తీరమున రెండు భాషలు



ఒక భాషను ఎచ్చట మాటలాడుదురని యెవరైన నడిగినచో, మనము సాధారణముగా దేశపటమును విప్పి, ఒక రంగు పూసిన ప్రదేశమును వ్రేలితో చూపి తృప్తిపడుదుము. డేనిష్ భాష డెన్మార్కు దేశమున, లాట్వియన్ భాష లాట్వియా దేశమున అని చెప్పుట పాఠశాలకు బోవు బాలునకైనను సులభమే. కాని బాల్టిక్ సముద్రమునకు పడమట నొకటి, తూర్పున నొకటిగా వెలసిన యీ రెండు భాషల చరిత్రను కొంచెము లోతుగా బరిశీలించిన వారికి, పటము చెప్పునది సగము మాత్రమే యని బోధపడగలదు. జెండా యెగిరిన చోటులన్నిటను భాష వేరూనదు. తనదంటూ ఒక జెండా లేని జాతియొక్క భాషయు శతాబ్దములకొలది నిలువగలదు. ఈ రెండు సత్యములకును ఈ రెండు భాషలకంటె స్పష్టమైన తార్కాణములు ఐరోపా ఖండమున మరి దొరకవని నా విశ్వాసము.

మొదట కొలతలు. లాట్వియా వైశాల్యము 64 వేల చదరపు కిలోమీటర్లకు పైబడినది. గ్రీన్లాండును, ఫారో ద్వీపములను మినహాయించి చూచినచో డెన్మార్కు వైశాల్యము సుమారు 43 వేల చదరపు కిలోమీటర్లు మాత్రమే. నేల విషయమున లాట్వియాయే పెద్దది. కాని డెన్మార్కు జనసంఖ్య దాదాపు 60 లక్షలు. లాట్వియనును మాతృభాషగా గలవారు ప్రపంచమంతట వెదకినను 15 లక్షలకు ఇంచుమించుగా నుందురు. ఈ వ్యత్యాసము ప్రకృతి కల్పించినది గాదు, చరిత్ర కల్పించినది.

రెండును ఇండో-యూరోపియన్ కుటుంబమునకు జెందినవే. కాని శాఖలు వేరు. డేనిష్ భాష స్వీడిష్, నార్వీజియన్ భాషలకు తోబుట్టువు. ఆ మూడు భాషలవారును ఒకరి మాట నొకరు చాలవరకు గ్రహింపగలరు. కావుననే స్వీడనులోనో నార్వేలోనో నివసించు డేనుడు అచ్చటి కార్యాలయములతో తన భాషలోనే వ్యవహరించుకొను సౌలభ్యమును కల్పించుచు, ఉత్తరదేశములు కుదుర్చుకొన్న భాషా ఒడంబడిక 1987 నుండి అమలులో నున్నది. లాట్వియనునకు అట్టి భాగ్యము లేదు. దానికి సజీవముగా మిగిలిన సోదరభాష లిథువేనియన్ ఒక్కటియే. అదియు వినినంతమాత్రమున లాట్వియనునకు అర్థము కాదు. మూడవ సోదరియగు పురాతన ప్రష్యన్ పదునెనిమిదవ శతాబ్దారంభమున అంతరించినది. ఈ బాల్టిక్ భాషలు జర్మానిక్ శాఖకుగాని స్లావిక్ శాఖకుగాని చెందక వేరుగా నిలువదగినవని స్పష్టముగా గుర్తించిన తొలి పండితులలో నొకడు డెన్మార్కు వాడైన రాస్మస్ రాస్క్. 1818లో వెలువడిన ఆయన ప్రసిద్ధ గ్రంథమున ఈ వివేచన కలదు. భాషల మూలములను వెదకుచు పారసీకదేశము మీదుగా ఆయన భారతదేశమునకు వచ్చి, మద్రాసును సింహళమును దర్శించి, అవెస్తా, పాలీ వ్రాతప్రతులను సంపాదించుకొని 1823లో కోపెన్‌హాగను చేరెను. భాషా శాస్త్రమునకు పునాదిరాళ్లు మోసిన యీ మహనీయుని మన పాఠ్యగ్రంథములు ఇంకను తగినంతగా స్మరింపకుండుట నాకు కొరతగనే తోచుచుండును.

ఇక డేనిష్ సంగతి. నేడు చిన్నదిగా గనబడు ఆ దేశము ఒకప్పుడు ఉత్తరసముద్రమున మహాసామ్రాజ్యము. పదునాలుగవ శతాబ్దాంతము నుండి 1814 వరకు నార్వే డెన్మార్కు రాజునకే లోబడియుండెను. ఐస్లాండు, ఫారో ద్వీపములు, గ్రీన్లాండు ఆ కిరీటము క్రిందనే యుండెను. నేటి స్వీడను దక్షిణభాగమున నున్న స్కానియా, హల్లండ్, బ్లెకింగె మండలములు డెన్మార్కునకు హృదయమువంటివి. 1658లో రాస్కిల్దె సంధితో ఈ మూడు మండలములు స్వీడనునకు దక్కినవి. అచ్చటి జనులను స్వీడిష్ వారినిగా మార్చుటకు స్వీడిష్ ప్రభుత్వము గైకొన్న యుపాయములలో 1666లో లుండ్ పట్టణమున విశ్వవిద్యాలయమును స్థాపించుట యొకటి. స్కానియా పల్లెలలోని ఉచ్చారణమున నేటికిని డేనిష్ ఛాయ తొంగిచూచుచుండును గాని, భాష మాత్రము స్వీడిష్ అయినది. అదే సంధిలో స్వీడనునకు పోయిన బోర్న్‌హోల్మ్ ద్వీపవాసులు ఆ యేడే తిరుగబడి, మరల డెన్మార్కు ఛత్రచ్ఛాయకు జేరిరి; స్వీడను తీరమునకే సమీపమున నున్నను ఆ ద్వీపము నేటికిని డేనిష్ మాటలాడుచున్నది.

నార్వే కథ మరియొక విధమైనది. నాలుగు శతాబ్దములు ధర్మపీఠములపైనను, న్యాయస్థానములలోను, గ్రంథములలోను డేనిష్ వ్రాతయే రాజ్యమేలినందున, 1814లో డెన్మార్కునుండి విడివడిన తరువాతను నార్వే విద్యావంతులు ఆ వ్రాతను ఒక్కమారుగా విడువలేక, క్రమక్రమముగా తమ నోటి పలుకునకు దగ్గరగా దానిని దిద్దుకొనిరి. నేడు నార్వేలో అధికసంఖ్యాకులు వ్రాయు రూపము అట్లు పరిణమించినదే. అనగా డేనిష్ భాష నార్వేనుండి నిష్క్రమింపలేదు. అచ్చట వేరొక పేరుతో వేరొక గొంతుతో జీవించుచున్నది. ఐస్లాండు 1944లో గణతంత్రరాజ్యమైనను, 1999 వరకు అచ్చటి బాలురకు డేనిష్ భాషయే ప్రథమ విదేశభాషగా నుండెను. పిమ్మట ఆ స్థానమును ఇంగ్లీషు ఆక్రమించినది. ఫారో ద్వీపములలో 1948 నాటి స్వపరిపాలన చట్టము ఫారోయీ భాషనే ప్రధానభాషగా నిలిపి, డేనిష్ భాషను సైతము శ్రద్ధతో నేర్పవలెనని విధించినది. గ్రీన్లాండున 2009 నుండి గ్రీన్లాండిక్ ఒక్కటియే రాజభాష. అయినను రాజధానియగు నూక్ పట్టణమున కార్యాలయములలో, వైద్యశాలలలో డేనిష్ పలుకు నేటికిని విరివిగా వినబడుచునే యున్నది. ఇరువదియొక్క లక్షల చదరపు కిలోమీటర్లకు మించిన ఆ హిమభూమిలో వసించువారు సుమారు 56 వేలమంది మాత్రమే. పటముపై గ్రీన్లాండునకు డెన్మార్కు రంగు పూసిన వారు ఎంతటి శూన్యమునకు రంగు పూయుచున్నారో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

డేనిష్ భాష చరిత్రలో నన్ను అన్నిటికంటె మిక్కిలిగా ఆకర్షించిన ప్రదేశము ష్లెస్విగ్. జట్లాండు ద్వీపకల్పమునకు దక్షిణమూలమున జర్మనీని అంటియున్న ఈ సీమలో డేనిష్, ఫ్రీజియన్, నిమ్న జర్మన్ భాషలు తరతరములుగా ఒక్కొక్క గ్రామమును పంచుకొని జీవించినవి. ఆంగెల్న్ అను మండలమున తాతలు డేనిష్ మాటలాడగా, మనుమలు జర్మన్ మాటలాడసాగిరి. ఇది పందొమ్మిదవ శతాబ్దమున, ఏ సైన్యమును రాకమునుపే, బజారుల మూలమునను పాఠశాలల మూలమునను జరిగిన మార్పు. 1864 యుద్ధమున డెన్మార్కు ఓడిపోగా, ష్లెస్విగ్ పిదప ప్రష్యా వశమైనది. 1888లో ఉత్తరష్లెస్విగ్ పాఠశాలలలో మతబోధకు గల కొలదిపాటి గంటలు తప్ప తక్కిన బోధనమంతయు జర్మన్ భాషలోనే జరుగవలెనని శాసించిరి. అప్పుడు డేనిష్ కుటుంబములవారు పుస్తకసంఘములను, సభామందిరములను స్వయముగా స్థాపించుకొని, ఇంటిలో భాషను కాపాడుకొనిరి. 1920లో ప్రజాభిప్రాయమును సేకరింపగా, ఉత్తరభాగమున నూటికి 75 మంది డెన్మార్కును గోరిరి; దక్షిణభాగమున నూటికి 80 మంది జర్మనీని గోరిరి. నేటి సరిహద్దు అట్లు ఓటుతో గీసిన గీత. ఆ గీతకు దక్షిణమున ఫ్లెన్స్‌బుర్గ్ పరిసరములలో సుమారు 50 వేలమంది డేనిష్ అల్పసంఖ్యాకులు నేటికిని తమ పాఠశాలలను, గ్రంథాలయములను, 1869లో స్థాపితమైన తమ దినపత్రికను నిలుపుకొనియున్నారు. ఉత్తరమున జర్మన్ అల్పసంఖ్యాకులును అట్లే యున్నారు. 1955లో బాన్ నగరమునందును కోపెన్‌హాగను నందును వెలువడిన ప్రకటనలు, తాను ఏ జాతికి చెందినవాడనని ఎవడు భావించునో ఆ భావనను అధికారులు పరీక్షింపరాదని అంగీకరించినవి. భాషా వివాదములతో వేగుచున్న దేశములవారందరును చదువదగిన శాసనమిది.

డేనిష్ జెండా మన తీరములకును వచ్చినది. 1620లో తంజావూరు ప్రభువైన రఘునాథ నాయకుడు, తెలుగున కావ్యములు రచించిన ఆ విద్వత్ప్రభువే, డెన్మార్కు రాజు పంపిన ఓవె యెడ్డె అను నౌకాధిపతితో ఒడంబడిక చేసికొని తరంగంబాడిలో వర్తకమునకు అనుమతి నొసగెను. ఆ పట్టణము రెండువందల యిరువదియైదేండ్లు డెన్మార్కు అధీనమున నుండెను. వంగదేశమునందలి శ్రీరామపురము కూడ 1755 నుండి 1845 వరకు వారిదే. తరంగంబాడి క్రైస్తవమిషనునకు చేరిన బెంజమిన్ షుల్జ్ పిదప మద్రాసునకు వెడలి తెలుగు నేర్చి, జర్మనీలోని హాలే నగరమున తొలి తెలుగు అచ్చుపుస్తకములను ప్రకటింపజేసెను. ఇంగ్లీషు కంపెనీ తన సీమలో మతప్రచారకులను నివసింపనీయని కాలమున విలియం కేరీ డెన్మార్కు జెండా క్రింద శ్రీరామపురమున తలదాచుకొని, అచ్చటి ముద్రాలయమునుండి 1814లో తెలుగు వ్యాకరణమును ప్రకటించెను. కాని విచారింపుడు: ఈ రెండు పట్టణములలో మాటలాడిన భాషలు తమిళము, వంగభాష, పోర్చుగీసు మిశ్రమమైన వర్తకభాష, జర్మన్, ఇంగ్లీషు. డేనిష్ భాష కొలువుకూటమునకు వెలుపల అడుగిడలేదు. 1845లో ఇంగ్లీషు కంపెనీకి ఆ పట్టణములను విక్రయించిన పిదప ఆ భాష మన దేశమున ఒక్క యింటిలోనైనను మిగులలేదు. కారీబియను సముద్రమున డెన్మార్కు ఏలిన ద్వీపములను 1917లో అమెరికాకు రెండుకోట్ల యేబది లక్షల డాలర్లకు అమ్మివేసిరి. అచ్చటను అదియే గతి. రాజులు కొన్న నేలలో భాష మొలకెత్తదు. అచ్చట తల్లులు బిడ్డలను ఆ భాషలో లాలింపవలయును.

లాట్వియన్ భాషకు రాజులు లేరు. పదమూడవ శతాబ్దారంభమున జర్మన్ బిషప్పు ఆల్బర్ట్ డౌగవ నదీముఖమున రీగా నగరమును స్థాపింపగా, జర్మన్ యోధసన్న్యాసులు ఆ దేశమును జయించిరి. పిదప పోలండు, స్వీడను, రష్యా ఒకరి తరువాత నొకరు ఏలిరి. ప్రభువులు మారినను పొలముల యజమానులు జర్మన్ భూస్వాములే, దున్నువారు లాట్వియనులు. 1560 నుండి కొన్ని యేండ్లు లాట్వియా పడమటి భాగమగు కుర్లాండులోని పిల్తెనె సీమను డెన్మార్కు రాజు తమ్ముడైన మాగ్నస్ ఏలెను. డెన్మార్కు జెండా లాట్వియా నేలపై నెగిరిన ఆ కాలముకూడ భాషలో ఏ గుర్తును విడువలేదు. కుర్లాండు ప్రభువైన యాకోబ్ పదునేడవ శతాబ్ద మధ్యమున ఆఫ్రికాలో గాంబియా నదీముఖమునను, కారీబియనులోని టొబాగో ద్వీపమునను వలసలు స్థాపించెను. టొబాగోలో ఒక అఖాతము నేటికిని కుర్లాండు పేరు ధరించియున్నది. కాని ఆ ప్రభువు కొలువు భాష జర్మన్.

చదువుకొన్న లాట్వియను జర్మన్ అయిపోవును, చదువని వాడు లాట్వియనుగా మిగులును: పందొమ్మిదవ శతాబ్ద మధ్యము వరకు ఆ దేశపు రీతి యిది. ఆ భాషకు గ్రంథరూపము కల్పించినవారును జర్మన్ మతగురువులే. ఆలూక్స్‌నె గ్రామమున నివసించిన ఎర్నెస్ట్ గ్లూక్ బైబిలును పూర్తిగా అనువదించెను. 1685లో నూతన నిబంధనము, 1694 నాటికి సమగ్ర గ్రంథము రీగాలో వెలువడినవి. ఆ మహత్కార్యమునకు గుర్తుగా ఆయన నాటిన ఓకు వృక్షములను అచ్చటివారు నేటికిని గౌరవముతో చూపుదురు. 1850 తరువాత క్రిష్యానిస్ వాల్దెమార్స్ మొదలగు యువకులు, విద్యావంతుడై యుండియు లాట్వియనుగనే యుండవచ్చునని చాటిరి. 1873లో రీగాలో తొలి గానమహోత్సవము జరిగినది. ఆ కాలముననే క్రిష్యానిస్ బారన్స్ పల్లెపల్లెనుండి జానపదగీతములను సేకరించి, ఒక బీరువాలోని సొరుగులలో చిన్న చిన్న కాగితములుగా అమర్చి, 1894 నుండి 1915 వరకు సంపుటములుగా ప్రకటించెను. వానిలో 2,17,996 గీతములు కలవు. నాలుగేసి పాదములే గల ఈ గీతములను నాగలి పట్టినవారును, తిరుగలి త్రిప్పినవారును తరతరములుగా పాడుకొనిరి. రాజాస్థానమును, విశ్వవిద్యాలయమును లేని భాషకు ఇంతటి భాండాగారముండుట నాకు అద్భుతముగా దోచును. రీగాలోని ఆ బీరువాను యునెస్కో 2001లో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చినది.

లాట్వియన్ భాష అంతయు ఒక్కటిగా లేదనియు చెప్పవలయును. తూర్పున నున్న లట్‌గలె సీమ చిరకాలము పోలండు ఏలుబడిలో నుండి కథోలిక మతమును నిలుపుకొన్నందున, అచ్చటి మాట ప్రత్యేకమైన వ్రాతసంప్రదాయమును పొందినది. 1865 నుండి 1904 వరకు రష్యా ప్రభుత్వము అచ్చట లాటిన్ లిపిలో అచ్చువేయుటను నిషేధింపగా, ఆ జనులు ప్రార్థనాగ్రంథములను చేతివ్రాతతో నిలుపుకొనిరి. పడమటి సముద్రతీరమున లివోనియన్ అను, ఫిన్నిష్ జాతికి చెందిన, పురాతనభాష యుండెను. దానిని మాటలాడు జాలరి కుటుంబములు క్రమముగా లాట్వియన్ భాషలో గలసిపోయినవి. దానిని తల్లివలన నేర్చిన చివరి వ్యక్తి 2013లో కెనడాలో మరణించినది. పెద్దభాషల యొత్తిడికి లోనైన లాట్వియనే తన పొరుగునందలి చిన్నభాషను మ్రింగినదన్న మాట చెప్పుటకు నాకు బాధయైనను, చెప్పకుండుట న్యాయము గాదు.

1918లో స్వతంత్రరాజ్యమైన లాట్వియాను 1940లో సోవియట్ యూనియన్ ఆక్రమించినది. 1941, 1949 సంవత్సరములలో వేలాది కుటుంబములను సైబీరియాకు పంపివేసిరి; 1944లో లక్షకు మించిన జనులు పడమటి దేశములకు పారిపోయిరి. కర్మాగారములకు రష్యనులు గుంపులుగా తరలివచ్చిరి. 1935లో నూటికి 75 మందికి పైగా నుండిన లాట్వియనులు 1989 నాటికి 52 మందికి తగ్గిరి. రీగా నగరమున మూడవవంతు కొంచెము దాటిరి. తన రాజధానిలోనే ఒక జాతి అల్పసంఖ్య యగుట డెన్మార్కు ఎన్నడును చవిచూడని దుఃఖము. ఈ కారణముననే డెన్మార్కు రాజ్యాంగమున డేనిష్ రాజభాష యని ఒక్క వాక్యమైనను లేకుండగా, లాట్వియా 1998లో తన రాజ్యాంగపు నాలుగవ అధికరణమున తన భాష పేరును వ్రాసికొనవలసివచ్చినది. 2012లో రష్యనును రెండవ రాజభాషగా చేయవలెనా యని ప్రజలనడుగగా, ఓటు వేసినవారిలో నాల్గింట మూడువంతుల మంది వలదనిరి. ఆ తీర్పు కఠినమని తలచువారు ఆ జాతి కోల్పోయిన యేబది యేండ్లనుకూడ లెక్కలోనికి తీసికొనవలెను. అట్లే దౌగవ్‌పిల్స్ వంటి తూర్పు పట్టణములలో పుట్టి పెరిగి, రష్యన్ తప్ప మరియొక మాట యెరుగని ముదుసలుల యిక్కట్టును కాదనరాదు.

స్వదేశమును విడిచినవారి విషయమున రెండు భాషలకును భేదము మిక్కుటము. డేనులు పొలములను గోరి స్వేచ్ఛగా వెడలిరి. అమెరికాలోని అయోవా, నెబ్రాస్కా మైదానములలోను, అర్జెంటీనాలోని తందీల్, త్రెస్ ఆరోయోస్ పరిసరములలోను స్థిరపడి, రెండుమూడు తరములలో కొత్త భాషలో గలసిపోయిరి. కాలిఫోర్నియాలో 1911లో వారు స్థాపించిన సోల్వాంగ్ పట్టణమున డేనిష్ శిల్పముగల యిండ్లు నిలిచియున్నవిగాని, డేనిష్ మాట వీథులలో వినబడుట అరుదు. 1944లో వెడలిన లాట్వియనులు తిరిగిపోవుదుమను ఆశతో నుండిరి. కావుననే మిషిగనులో 1965 నుండి పిల్లలకు వేసవి శిబిరములు నడపిరి. జర్మనీలోని మున్‌స్టర్ నగరమున 1998 వరకు ఉన్నతపాఠశాలను నిలిపిరి. టొరాంటోలో గానమహోత్సవములు జరిపిరి. అంతకుమునుపే 1922లో బ్రెజిలునకు పోయిన బాప్టిస్టులు అడవిని కొట్టి వర్పా అను గ్రామమును నిర్మించుకొనిరి. సైబీరియాలో దిగువ బులానా అను పల్లెలో, శిక్షింపబడి వచ్చినవారి సంతతివారు నూరేండ్లు దాటినను లాట్వియన్ మరువలేదు.

మరియొక చిన్న సంగతి చెప్పి ముగింపునకు వత్తును. డేనిష్ భాషలో అనేక పదముల నడుమ గొంతు క్షణకాలము బిగిసి శ్వాస తెగినట్లు ధ్వనించును. దానిని వారు స్టౌడ్ అందురు. బోర్న్‌హోల్మ్ మున్నగు దక్షిణ ద్వీపములలో అది లేదు. ఇంచుమించుగా నట్టి విరుపు లాట్వియన్ భాషయందును, లివోనియన్ భాషయందును కలదు. వంశమున దూరమైన యీ భాషలు బాల్టిక్ తీరమున ఇరుగుపొరుగులై స్వరగుణమును పంచుకొన్నవేమో యని 1931లోనే భాషావేత్త రోమన్ యాకోబ్సన్ ఊహించెను. పండితులు నేటికిని దీనిని తర్కించుచున్నారు.

ఈ రెండింటిలో దేని భవిష్యత్తు సురక్షితమని యడిగినచో, నా తీర్పు డేనిష్ వైపే మొగ్గును. సామ్రాజ్యమును పోగొట్టుకొన్నను, ఇంటిలో దానికి ప్రత్యర్థి లేడు. లాట్వియనునకు చట్టము తోడున్నది. పాఠశాలలన్నింటిలో బోధన ఆ భాషలోనే జరుగవలెనన్న నియమము 2023లో ప్రారంభమై 2025లో అన్ని తరగతులకును వ్యాపించినది. 2004 నుండి అది ఐరోపా సమాఖ్య అధికారభాషలలో నొకటి. కాని అదే యేడు తెరచిన తలుపులగుండా యువకులు ఐర్లండునకును ఇంగ్లండునకును తరలిపోయిరి. 1989లో 26 లక్షలకు మించియుండిన ఆ దేశపు జనసంఖ్య నేడు 19 లక్షలకంటె తక్కువ. రష్యను పొరుగువాని మాటకంటె ఈ వలసయే ఆ భాషకు నేడు పెద్ద గండము.